జీతం సరే, పిల్లలెందరు?

31,040.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఈ అంకె తెలియనివాళ్లు తక్కువ. డీఎస్సీకి చదివే పిల్లలు నోట్సు మొదటి పేజీలో రాసుకునే అంకె ఇది. 2021లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన వేతన సవరణ ప్రకారం సెకండరీ గ్రేడ్ టీచరు (ఎస్జీటీ) మూలవేతనం ఇక్కడ మొదలై 92,050 దగ్గర ఆగుతుంది. స్కూల్ అసిస్టెంటుకైతే 42,300 నుంచి 1,15,270 దాకా. కరవు భత్యం, నగరంలో ఇచ్చే 24 శాతం ఇంటద్దె కలిస్తే, కొత్తగా చేరిన ఎస్జీటీ బిల్లు నెలకు యాభై వేలకు కాస్త తక్కువగా తేలుతుంది. ఇంక్రిమెంట్లు కూడుకుంటూ వచ్చిన సీనియర్‌ది లక్ష దాటుతుంది.

అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, మా మీర్‌పేటలో, ఇదే అంకెను ఇంకో వైపు నుంచి చూస్తారు. టీకేఆర్ కమాన్ దగ్గర పొద్దున్నే ఆటోలో తొమ్మిదిమంది పిల్లల్ని ఎక్కించుకుని ప్రైవేటు బడికి దింపే ఒకాయన, చాయ్ గ్లాసు కింద పెడుతూ నన్నడిగాడు: "సర్కారు సారుకు లక్ష జీతమట గదా అన్నా. మా పాపకు చెప్పే మేడంకు పన్నెండు వేలిస్తరు. లక్ష తీసుకునేటోళ్ల బడికి మేమెందుకు పంపుతలేం? ఆ పైసలు మాయి గావా?"

నా దగ్గర అప్పటికప్పుడు జవాబు లేదు. మా అబ్బాయినీ నేను ప్రైవేటు బడిలోనే వేశాను. పన్ను కడతాను, ఫీజూ కడతాను. ఒకే చదువుకు రెండుసార్లు డబ్బు కట్టే ఇళ్లు మా వీధి నిండా ఉన్నాయి. రాష్ట్రంలో సగానికి మించి పిల్లలు ప్రైవేటు బడుల్లోనే ఉన్నారు కాబట్టి ఇది మా వీధి సంగతి మాత్రమే కాదు. ఆ ఆటో అన్న ప్రశ్నను చాలామంది చాలా కోపంగా అడుగుతారు, ఉపాధ్యాయులు అంతే కోపంగా తోసిపుచ్చుతారు. ఆయన కోపంతో అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. అందుకే ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఒకే టీచరు, రెండు జీతాలు

మా వీధి చివరింటి అమ్మాయి డీఎడ్, డిగ్రీ చేసి ఆరేళ్లు దగ్గర్లోని ఒక ప్రైవేటు బడిలో చెప్పింది. పదకొండు వేలతో చేరి పద్నాలుగు వేల దాకా వచ్చింది. వేసవిలో జీతం లేదు. 2017 నోటిఫికేషన్ తరువాత పరీక్ష దాకా వచ్చిన నోటిఫికేషన్ మళ్లీ 2024దే. ఆ ఏడు ఫిబ్రవరి 29న 11,062 పోస్టులు ప్రకటించారు, అక్టోబరు 9న ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలిచ్చారు. ఆమెకూ ఒకటి వచ్చింది. సాగర్ రోడ్డు మీదుగా వెళ్లే ఒక పల్లె బడిలో పోస్టింగు.

"పోయిన నెలా నేనే, ఈ నెలా నేనే కద సార్" అంది నాతో. "జీతం మూడింతలు దాటింది. అక్కడ నా క్లాసుల నలభై రెండు మంది పిల్లలు. ఇక్కడ బడి మొత్తం పద్నాలుగు మంది."

ఈ మాట దగ్గర ఆగాలి. జీతం ఎక్కువా తక్కువా అని మనం గంటలకొద్దీ వాదించుకుంటాం గానీ, ఆ జీతాన్ని భాగించాల్సిన అంకెను పట్టించుకోం. నలభై ఎనిమిది వేల బిల్లును, విద్యాహక్కు చట్టం ప్రాథమిక బడికి చెప్పిన ముప్పైమంది పిల్లలతో భాగిస్తే తలకు 1,600 రూపాయలు. మీర్‌పేట, జిల్లెలగూడ, అల్మాస్‌గూడ సందుల్లో ఉండే మామూలు ప్రైవేటు బడుల నెల ఫీజుతో పోలిస్తే ఇది ఎక్కువేం కాదు. పద్నాలుగు మందితో భాగిస్తే సుమారు 3,400. ఆరుగురితో భాగిస్తే 8,000. టీచరు లక్ష తీసుకునే సీనియరైతే, ఆరుగురు పిల్లల బడిలో తలకు పదహారు వేలు దాటుతుంది. పెద్ద పేరున్న కార్పొరేటు బడి ఫీజు అది.

రెండో వైపూ చూడాలి. నగరం అంచున ఉన్న మా బోటి చోట్ల కొన్ని సర్కారు బడుల్లో పిల్లలు కిక్కిరిసి ఉంటారు. దేవరకొండ నుంచి, పాలమూరు నుంచి మేస్త్రీ పనికీ, అపార్టుమెంట్ల కాపలాకూ వచ్చినవాళ్ల పిల్లలు. ఒక గదిలో అరవైమంది ఉంటే తలకు ఎనిమిది వందలే పడుతుంది, కాగితం మీద చాలా చవక. ఐదు గంటల బోధనలో ఒక్కో పిల్లవాడి వాటా ఐదు నిమిషాలు. వాడు చదివింది వినడానికైనా ఆ ఐదు నిమిషాలు చాలవు. చవగ్గా కనిపించే ఆ బడీ ప్రజల డబ్బును వృథా చేస్తున్నదే.

ఈ ఎగుడుదిగుళ్లకు జీతం లెక్కలోనే ఒక మూలం ఉంది. హైదరాబాదులో ఇంటద్దె భత్యం 24 శాతమైతే పల్లెలో 11 శాతం. మారుమూలకు వెళ్లినవాళ్లకు ఎక్కువ దక్కాల్సింది, తక్కువ దక్కుతుంది. పొద్దున ఏడున్నరకు బైరామల్‌గూడ దగ్గరా, సాగర్ రింగురోడ్డు దగ్గరా నిలబడి చూడండి. నలుగురేసి, ఐదుగురేసి ఒక కారు మాట్లాడుకుని ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్ దాటి వెళ్లే టీచర్లు కనిపిస్తారు. పిల్లల చదువు కోసం, పెద్దవాళ్ల వైద్యం కోసం వాళ్లు నగరంలోనే ఉండాలనుకుంటారు. వాళ్లను తప్పుపట్టను, నేనూ అందుకే ఇక్కడికి వచ్చాను. కానీ రోజుకు మూడు గంటలు రోడ్డు మీద పోగొట్టుకున్న మనిషి బడిలో ఎంత మిగులుతాడో జీతమిచ్చే ప్రభుత్వం ఆలోచించాలి.

కేంద్రం లెక్కల ప్రకారం 2024-25లో ఒక్క పిల్లవాడూ లేని బడులు తెలంగాణలో 2,245. పశ్చిమ బెంగాల్ తరువాత దేశంలో మనదే రెండో స్థానం. ఆ బడుల పేరు మీద 1,016 మంది ఉపాధ్యాయులున్నారు. చాలామందిని వేరే బడుల్లో సర్దుబాటు చేసే ఉంటారు. అయినా మా వైపు అరవైమంది గదిని తలచుకుంటే ఆ వెయ్యిన్ని పదహారు అంకెను మామూలుగా చదవలేం.

మన నేల మీదే చేసి చూశారు

జీతానికీ చదువుకూ సంబంధం ఎంతో చెప్పే పరిశోధనల్లో ప్రపంచమంతా ఉదహరించేవి మన పల్లెల్లోనే జరిగాయన్న సంగతి మనకే అంతగా తెలియదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి, ప్రభుత్వమూ అజీం ప్రేమ్‌జీ ఫౌండేషనూ ప్రపంచ బ్యాంకూ కలిసి, ఐదు జిల్లాల్లోని 500 సర్కారు బడుల్లో ఒక పెద్ద ప్రయోగం చేశాయి. కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ దాన్ని నడిపించారు. కొన్ని బడుల్లో పిల్లల చదువు మెరుగైతే టీచర్లకు చిన్న బోనసు ఇచ్చారు. సగటున ఏడాది జీతంలో మూడు శాతమే. రెండేళ్లలో ఆ బడుల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ మిగతావాళ్లను దాటారు. బోనసుతో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా ముందున్నారు. అదే డబ్బును బడి సామగ్రికి ఇచ్చిన చోట అంత ఫలితం రాలేదు.

ఇంకో వంద బడులకు అదనంగా ఒక కాంట్రాక్టు టీచరునిచ్చారు. రెగ్యులర్ టీచరు జీతంలో ఐదో వంతు. శిక్షణ తక్కువ, చదువూ తక్కువ. అయినా వాళ్లు చెప్పిన చదువు రెగ్యులర్ టీచర్ల చదువుకు తీసిపోలేదని తేలింది.

2008లో మొదలైన మరో ప్రయోగంలో 180 గ్రామాల్లో లాటరీ తీసి, గెలిచిన సర్కారు బడి పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ల తరువాత చూస్తే తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. ప్రైవేటుకు వెళ్లినవాళ్లకు హిందీ బాగా వచ్చింది. ప్రైవేటు బడి ఒక్కో పిల్లవాడి మీద పెట్టిన ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా కాదు.

దీన్ని ఆటో అన్న వింటే "చూసినవా అన్నా, నేను చెప్పలే" అంటాడు. సగం నిజమే. ఎక్కువ జీతం దానంతటదే ఎక్కువ చదువు కాదు. ఇండోనేషియా 2005లో చట్టం తెచ్చి, సర్టిఫికెట్ పొందిన టీచర్ల మూలవేతనాన్ని రెట్టింపు చేసింది. పరిశోధకులు రెండు మూడేళ్ల తరువాత చూస్తే టీచర్లు సంతోషంగా ఉన్నారు, పక్క ఉద్యోగాలు మానుకున్నారు, అప్పుల ఇబ్బంది తగ్గింది. పిల్లల మార్కులు మాత్రం కదల్లేదు. మన దగ్గర 2021 మార్చి 22న శాసనసభలో 30 శాతం ఫిట్‌మెంట్ ప్రకటించారు, రిటైర్మెంటును 58 నుంచి 61కి పెంచారు. ఆ రోజు బడిలో ఏం మారాలని ఎవరూ అడగలేదు. ప్రభుత్వమూ చెప్పలేదు, సంఘాలూ చెప్పలేదు. వచ్చే వేతన సవరణలోనైనా ఆ ప్రశ్న ఉండాలన్నది నా పట్టుదల.

మరి జీతం ఐదో వంతుకు దించేస్తే సరిపోతుందా? ఈ వాదనను నేను గట్టిగా కాదంటాను, ఎందుకంటే ఆ ప్రయోగం కూడా మనం చేసి ఉన్నాం. నెలకు 398 రూపాయలకు స్పెషల్ టీచర్లను పెట్టుకున్న రాష్ట్రం మనది. పర్మనెంటు అయిన దశాబ్దాలకు కూడా, ఆ కాలపు సర్వీసుకు నోషనల్ ఇంక్రిమెంట్లు ఇవ్వమని వాళ్లు తిరుగుతూనే ఉన్నారు. తరువాత అప్రెంటిస్ విధానం వచ్చింది. ఆ తరువాత పన్నెండు వేలకు విద్యా వాలంటీర్లు వచ్చారు. కోవిడ్ రాగానే వాళ్లను కొనసాగించలేదు. తక్కువ జీతానికి బాగా పనిచేసిన కాంట్రాక్టు టీచరు, ఏదో ఒకనాడు పర్మనెంటు అవుతానన్న ఆశతో పనిచేస్తాడు. ఆ ఆశ విలువ జీతం బిల్లులో కనిపించదు. కెన్యాలో ఇదే పద్ధతిని స్వచ్ఛంద సంస్థ నడిపిన చోట ఫలితం వచ్చింది, ప్రభుత్వం నడిపిన చోట రాలేదు.

ప్రైవేటు పన్నెండు వేల సంగతి 2021 ఏప్రిల్లో చూశాం. బడులు మూతపడి జీతాలు ఆగిపోతే, ప్రైవేటు టీచర్లకు నెలకు రెండు వేల రూపాయలు, పాతిక కిలోల బియ్యం ఇస్తామని ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. మా రేషను షాపు ముందు వరసలో నిలబడ్డవాళ్లలో మా అబ్బాయికి లెక్కలు చెప్పిన మేడం ఉంది. నన్ను చూసి తల తిప్పుకుంది. చవకగా చదువు చెబుతున్న వ్యవస్థ అని మనం మెచ్చుకునేది ఆమె లాంటి వాళ్ల మీదే నిలబడింది. సర్కారు జీతం ఎక్కువ అనే ముందు ప్రైవేటు జీతం అన్యాయంగా తక్కువ అన్న మాట కూడా అనాలి. రెంటినీ పక్కపక్కన పెట్టి పోలిస్తే ఒకటి దుబారాగా కనిపించడంలో వింతేముంది? పోలికకు తీసుకున్న రెండో అంకె మనిషి బతకడానికి చాలేది కాదు.

కొనుక్కున్న పూటలు ఎక్కడికి పోతున్నాయి

జీతం ఇచ్చి ప్రభుత్వం కొనుక్కుంటున్నది టీచరు సమయాన్ని. ఏడాదికి రెండు వందల ఇరవై రోజులనుకుంటే, కొత్త ఎస్జీటీ ఒక పనిదినం ఖరీదు రెండు వేల ఆరు వందలు. సీనియర్‌ది ఐదు వేలు దాటుతుంది. అంత ఖరీదైన పూటను దేనికి వాడుతున్నాం?

2024 నవంబరు 6న ఇంటింటి కుటుంబ సర్వే మొదలైంది. 36,559 మంది ఎస్జీటీలను, 3,414 మంది ప్రాథమిక పాఠశాలల హెడ్మాస్టర్లను ఎన్యూమరేటర్లుగా వేశారు. వారాల తరబడి ప్రాథమిక బడులు మధ్యాహ్నం ఒంటిగంట దాకే నడిచాయి. సర్వే అవసరమైనదే, కాదనను. ఆ పని డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కుర్రాళ్లు చేయగలిగేదే కదా? మా కాలనీలో ఫారాలు పట్టుకుని ఎండలో తిరిగిన టీచరమ్మ నీళ్లడిగి తాగి, "మూడో తరగతి పిల్లలకు గుణింతాలు మధ్యలో ఆపి వచ్చిన" అని చెప్పి వెళ్లింది. ప్రాథమిక బడిలో ఆగిపోయిన పాఠం మూడు వారాల తరువాత ఆగిన చోట నుంచే మొదలవదు. వెనక్కి వెళ్లి మళ్లీ రావాలి.

ఎన్నికల విధులున్నాయి. మధ్యాహ్న భోజనం లెక్కలున్నాయి, యాపులున్నాయి. కోవిడ్ తరువాత కొన్నేళ్లు బడి ఊడ్చే మనిషికి నిధుల్లేక, హెడ్మాస్టర్లు తమ జేబులోంచి ఇచ్చిన చోట్లు ఎన్నో. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల ద్వారా పిల్లల సంఖ్యను బట్టి పారిశుధ్యానికి డబ్బు ఇవ్వడం మొదలయ్యాక కాస్త ఊపిరి పీల్చుకున్నారు. ఇక వండిపెట్టే అక్కలది వేరే కథ. సర్కారు బడి ఉద్యోగుల భారీ జీతాలు అని మాట్లాడుకునేటప్పుడు ఎవరికీ గుర్తురాని మనిషి, వంట ఏజెన్సీ మహిళ. నెలకు వెయ్యి ఉన్న గౌరవ వేతనం మూడు వేలైంది. పది వేలు చేస్తామన్న ఎన్నికల హామీ కోసం వాళ్లు ఎదురుచూస్తున్నారు. పొగలో వండి, ఊరి పిల్లలందరికీ అన్నం పెట్టి మూడు వేలు. ఒకే ఆవరణలో లక్ష ఒకరికి, మూడు వేలు ఒకరికి. పన్ను కట్టేవాడిగా నాకు సిగ్గనిపించేది ఆ రెండో అంకె.

టీచర్లకు మాత్రం ఇవ్వాల్సింది ఇచ్చేస్తున్నారా అంటే అదీ లేదు. 2022 జులైలో రావాల్సిన కరవు భత్యం 2024 అక్టోబరులో మంజూరైంది. రిటైరైనవాళ్లు బకాయిల కోసం తిరుగుతున్నారు. పనిమనిషి జీతం ఆపి, పని మీద నిలదీయలేని యజమాని పరిస్థితి ప్రభుత్వానిది. అందుకే ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు.

ఈ మౌనంలో నష్టపోయేది పిల్లలే. పిల్లల చదువు స్థాయిని కొలిచే 2024 అసర్ సర్వేలో గ్రామీణ భారతంలోని సర్కారు బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. తెలంగాణ ఆ సగటుకు బాగా దిగువన ఉంది. 2022 ఆగస్టులో తొలిమెట్టు పేరుతో, ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా నేర్పే కార్యక్రమం మొదలుపెట్టారు. దారి సరైనదే. దాన్ని టీచర్లకు ఇంకో రిజిస్టరుగా మార్చకుండా ఉంటే చాలు. 2025 ఆగస్టు 1 నుంచి టీచర్ల హాజరుకు ముఖ గుర్తింపు వచ్చింది. 2003లో దేశమంతటా ముందుగా చెప్పకుండా వెళ్లి చూసిన సర్వేలో నలుగురు టీచర్లలో ఒకరు బడిలో లేరని తేలిన చరిత్ర ఉంది కాబట్టి దాన్ని అవమానంగా తీసుకోనక్కర్లేదు. కాకపోతే సారు వచ్చాడో లేదో చెప్పే ఫోను, పిల్లకు చదవడం వచ్చిందో లేదో చెప్పదు.

2025-26 రాష్ట్ర బడ్జెట్ 3,04,965 కోట్లు. అందులో విద్యకు 23,108 కోట్లు. ఎనిమిది శాతం కూడా కాదు, అందులోనూ ఎక్కువ భాగం జీతాలే. ఈ డబ్బు ఆదాయపు పన్ను కట్టే నా బోటివాళ్లది మాత్రమే అనుకోవడం మధ్యతరగతి అపోహ. దిల్‌సుఖ్‌నగర్‌లో పండక్కి చీర కొన్న కూలీ తల్లి జీఎస్టీ కట్టింది. అడ్డా మీద నిలబడే ఆమె పెనిమిటి సాయంత్రం తాగిన సీసాలో సగానికి మించి సర్కారు ఖజానాకే పోయింది. సర్కారు బడిలో కూర్చున్న పిల్ల తల్లిదండ్రులే ఆ టీచరుకు జీతమిస్తున్నారు. ధర్మానికి చదువుకుంటున్నారన్న చూపు కొందరు టీచర్లలో, మనలో కూడా ఉంది. అది పోవాలి.

నేను కోరేది జీతం కోత కాదు. ప్రతి బడి గోడ మీద పిల్లలెందరు, టీచర్లెందరు, బోధన జరిగిన రోజులెన్ని, మూడో తరగతిలో తెలుగు చదవగలిగినవాళ్లెందరు అన్న నాలుగు అంకెలు ప్రతి మూడు నెలలకూ రాయాలి. ఆ చదివించి చూసే పని వేరే మండలం నుంచి వచ్చినవాళ్లు చేయాలి. పిల్లలున్న చోటికి టీచరు కదలాలి, మారుమూలకు వెళ్లినవారికి నగరంలో కన్నా భత్యం ఎక్కువ ఉండాలి. సర్వేలకు బడిపూట వాడకూడదు. ఇవి చేసి చూశాక కూడా పిల్లలకు చదువు రాకపోతే అప్పుడు జీతం మాటెత్తే హక్కు మనకుంటుంది.

మొన్న కమాన్ దగ్గర ఆటో అన్న మళ్లీ కలిశాడు. ఫీజు పెంచారట, జూన్‌లో పాపను సర్కారు బడికి మార్చాలని చూస్తున్నాడు. ఈసారి జీతం సంగతి ఎత్తలేదు. "అన్నా, ఆ బడిల మూడో తరగతికి సారు ఉన్నడా? ఎంతమంది పిల్లలున్నరు? ఇంగ్లీషు తర్వాత సంగతి, తెలుగు చదువుడు వస్తదా?" అని అడిగాడు. ఇద్దరం అదే ఆటోలో ఆ బడి దాకా వెళ్లాం. గేటు తీసే ఉంది.